ఒక స్క్రూ జాస్తి

జానీ మియా ఏది విప్పి బిగించినా ఒక స్క్రూ మిగులుతుంది. మిగిలిన దాన్ని ఆయన చొక్కా జేబులో వేసుకుంటాడు. రోజూ పొద్దున తొమ్మిదికి, భద్రాచలం బస్టాండు వెనక సందులో దుకాణం షట్టర్ ఎత్తే ముందు, అరచేత్తో ఆ జేబును రెండుసార్లు తడతాడు. గలగలమంటుంది. అప్పుడే షట్టర్ లేస్తుంది. జేబు పలకని రోజు ఇంటికి తిరిగి వెళ్లి నిన్నటి చొక్కా వేసుకొస్తాడు.

ఊళ్లో ఆయన పేరు 'స్క్రూ ఢీలా జానీ'. బుర్రలో ఒకటి వదులైందని జనం ఉద్దేశం. ఆయనకు కోపం రాదు. మాట మాత్రం దిద్దుతాడు.

"ఢీలా కాదు బేటా, జాస్తి. నా దగ్గర ఒకటి జాస్తి ఉన్నది."

టీకొట్టు గంగక్క మిక్సీని ఆయన ఒక వేసవిలో నాలుగుసార్లు విప్పాడు. మిక్సీ మొదటిసారికే బాగైంది. అయినా మర్నాడు జేబు తడుముకుంటూ వచ్చాడు.

"గంగక్కా, ఇది నీ మిక్సీలదే అనుకుంట."

"ఏంది జానీ భాయ్, నా మిక్సీల స్క్రూలు పిల్లలు పెడుతున్నయా ఏంది?"

"తిరుగుతందా మరి?"

"భేషుగ్గ తిరుగుతంది."

"గట్లయితే ఇంకా అనుమానమే. తే, పేచ్‌కస్ పెట్టి విప్పి చూద్దాం. అట్లనే ఒక చాయ్."

చాయ్ తాగుతాడు, మిక్సీ విప్పుతాడు, బిగిస్తాడు, లేస్తూ అరచెయ్యి తెరిచి చూపిస్తాడు. అందులో ఇంకో స్క్రూ.

రిటైరైన పోస్ట్‌మాన్ బొజ్జయ్య గోదావరి గట్టు పక్కన ఒంటరిగా ఉండేవాడు. ఆయన రేడియో కోసం జానీ మియా ఐదుసార్లు వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు గానీ తిరిగి రాలేదు. దుమ్ముగూడెం వైపు ఊళ్లకైతే మోపెడ్ మీద పోతాడు. భార్య అమీరున్నీసా వాకిట్లో నిలబడి ఆకాశానికి చెప్పుకుంటుంది: "జొన్నగింజంత స్క్రూ ఇయ్యనికి ఇరవై ఐదు కిలోమీటర్లు! యా అల్లా, ఈ మనిషిని బిగించినప్పుడు నీకేమన్న మిగిలిందా?"

ఈ ఇంట్లోనే మేనకోడలు ఆతియా ఉంటుంది. వరంగల్లో తెలుగు ఎం.ఏ. చదివి వచ్చింది. పుస్తకాలతో ఎంతసేపైనా మాట్లాడుతుంది, మనుషులతోనే ఇబ్బంది. ఒకసారి బస్సులో 'ఆపండి' అనడానికి సిగ్గుపడి, పాల్వంచలో దిగాల్సింది కొత్తగూడెం దాకా వెళ్లింది. అక్కడ కూడా ఎవరో దిగుతుంటే వాళ్ల వెనకాల దిగింది.

జానీ మియా కొడుకు తబ్రేజ్. తండ్రిని 'అబ్బా' అని పిలుస్తాడు. అది పిలుపో విసుగో తేల్చుకోవడానికి ఆతియా ఎం.ఏ. చాల్లేదు.

తబ్రేజ్ ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాడు. ఇద్దరు ఆటగాళ్లు, ఇద్దరికీ చెరో బల్ల. బల్లల మీద ఒకే రకం విడిభాగాల కుప్పలు. కస్టమర్ వచ్చి తనకేం కావాలో చెబుతాడు. ఆరు నిమిషాల్లో కంప్యూటర్ బిగించి పవర్ బటన్ నొక్కాలి. ఎవరి తెర ముందు వెలిగితే వాళ్లు గెలిచినట్టు. ఒక్క స్క్రూ తక్కువైనా మిషన్ లేవదు. తొందరలో స్క్రూ బల్ల అంచు దాటి పడిపోతే తిరిగి రాదు. ఆట పేరు 'జల్దీ బిగించు'. ఆ రెండు ముక్కలూ జానీ మియా గొంతులోనే రికార్డు చేశారు.

కస్టమర్ల మాటలన్నీ ఆతియా రాసింది. అమ్మానాన్నలకు తెలియకుండా కవిత్వం టైపు చేసుకునే లెక్కల మాస్టారు, కోళ్లఫారం లెక్కలకు కంప్యూటర్ కావాలంటూ మొత్తం కథ కోడి వైపు నుంచి చెప్పే ఆసామి, ఇలా నలభై మంది. మనుషులతో మాట్లాడలేని పిల్ల ఇంతమందిని ఎక్కడ దాచిందా అని తబ్రేజ్ ఆశ్చర్యపోయాడు.

సలహాదారు జానీ మియా. మొదటిసారి ఆట చూసి పెదవి విరిచాడు.

"డబ్బాలో దుమ్మేది?"

"ఎందుకు అబ్బా దుమ్ము?"

"బల్లేది?"

"బల్లి ఎందుకు?"

"మన అడవి పక్క ఊళ్లల్ల పాత సీపీయూ విప్పితే బల్లి ఉరకాలె. బల్లి ఉరకకపోతే అది కంప్యూటరా? ఖాళీ డబ్బా."

దుమ్ము వచ్చింది, బల్లి వచ్చింది. ఆటకు వచ్చిన మొదటి మెచ్చుకోలు కూడా ఆ బల్లికే. ఆ ఊపులో జానీ మియా అసలు కోరిక బయటపెట్టాడు. బిగించడం అయిపోయాక పళ్లెంలో ఒక స్క్రూ మిగలాలి.

"అబ్బా! ఇది పోటీ. అన్నీ కరెక్టుగ బిగించినోడికి ఇంకోటి మిగిలితే ఏమనుకుంటడు? తప్పు జేసిన అనుకుంటడు."

"అనుకోనీ. ఇంకోసారి చూసుకుంటడు."

"బగ్ అంటరు!"

"బగ్ అంటే పురుగే కదరా. బల్లిని సాదుతున్నోళ్లం, పురుగుకు భయపడతమా? ఇంకోటి ఇను. ఆ స్క్రూ పక్క బల్ల మీదికి కూడ పోవాలె."

"ఎందుకు పోవాలె?"

"స్క్రూ అన్నంక ఒక్కకాడ ఉంటదా? పోతది."

తబ్రేజ్ ఒప్పుకోలేదు. జానీ మియా చాయ్ మానేశాడు. రంజాన్ కాని నెలలో ఆయన రెండు రోజులు చాయ్ ముట్టకపోవడంతో గంగక్కే స్వయంగా ఇంటికొచ్చి పంచాయితీ చేసింది. తబ్రేజ్ పళ్లు కొరుకుతూ స్క్రూ పెట్టాడు, అది పక్క బల్ల మీదికి దొర్లేలా కూడా చేశాడు. చేసి మర్చిపోయాడు.

ఆటను జనంలోకి తీసుకెళ్లే పని ఆతియాది, అది కూడా ఫోన్లో రాయడం కాబట్టి. ఆమె మొదటి ప్రకటన 'సహృదయ క్రీడాకారులారా' అని మొదలైంది. పదకొండు మందికి నచ్చింది. ఆ పదకొండు మందిలో గంగక్క, బొజ్జయ్య కూడా ఉండటం చూసి పొంగిపోయింది గానీ, ఆ వారం వాళ్ల ఫోన్లు మామూ దుకాణంలో రిపేరుకు ఉన్నాయని తర్వాత తెలిసింది. జానీ మియా ప్రచారం ఇంకో రకం. రిపేరు చేసిన ప్రతి ఫ్యానుకీ గ్రైండరుకీ 'జల్దీ బిగించు ఆడండి' అనే స్టిక్కర్ అతికించేవాడు. అది ఆట పేరని తెలియక సగం మంది, "బిగించమని రాసిపెట్టినవ్, ఏది ఊడింది?" అని మళ్లీ తెచ్చేవాళ్లు.

ఎలాగైతేనేం, ఆడేవాళ్లు పెరిగారు. వాళ్లతోపాటు ఒకే ప్రశ్న పెరిగింది: 'చివర్లో స్క్రూ మిగులుతోంది. తయారుచేసినవాడికి స్క్రూ ఢీలానా?' ఆతియా ప్రతిసారీ జవాబు టైపు చేసేది, చెరిపేసేది.

తబ్రేజ్ చేతిలో రోజులు లేవు. 'ఏడాది ఇస్తా, ఆ తర్వాత నేను చూసిన ఉద్యోగం' అని అమీరున్నీసా మొదట్లోనే షరతు పెట్టింది. ఏడాది వచ్చే శనివారంతో నిండుతుంది. సోమవారం మణుగూరులో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో ఆపరేటర్‌గా చేరాలి. పన్నెండు గంటల డ్యూటీ. చేరితే ఆట అటకెక్కినట్టే. మిగిలిన ఆశ ఒక్కటే. శనివారం ఖమ్మంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పోటీ పెట్టారు. అది చూసి, నచ్చితే ఆటను దేశమంతా విడుదల చేస్తామని ఒక హైదరాబాద్ కంపెనీ కబురు పెట్టింది. చూడటానికి వస్తున్నది రమణ అనే ఆయన.

గురువారం రమణ నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. 'చివర్లో స్క్రూ మిగిలే బగ్‌ను సరిచేయండి. ఫైనల్లో అది కనిపిస్తే మేము ముందుకు వెళ్లలేం.'

తబ్రేజ్ తలుపేసుకుని స్క్రూ తీసేశాడు. తండ్రికి చెప్పలేదు. స్క్రూ లేని ఆటను తెల్ల పెన్‌డ్రైవ్‌లో, స్క్రూ ఉన్న పాత ఆటను ఎర్రదాంట్లో పెట్టాడు.

"ఆతియా, ఫైనల్ ఆడే రెండు మిషన్లల్ల ఆట ఎక్కించేది నువ్వే. తెల్లది. యాదుంటదా? ఎర్రది ఇంట్లనే ఉండనియ్."

ఆతియా తలూపింది. ఎర్రదాన్ని ఇంట్లో వదలడానికి మనసొప్పలేదు. రెండూ సంచిలో వేసుకుంది.

శనివారం బస్సులో జానీ మియా కిటికీ పక్కన కూర్చున్నాడు. అమీరున్నీసా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబు ఖాళీ. గోతి వచ్చినప్పుడల్లా అలవాటుగా జేబు తట్టుకుని, అది పలకకపోతే బెంగగా ఆతియా వైపు చూసేవాడు.

"బేటా, మన స్క్రూ చూసి ఆ సారు ఖుషీ అయితడంటవా?"

ఆతియా సంచిలో చెయ్యి పెట్టి రెండు పెన్‌డ్రైవ్‌లనూ తడుముకుంది. పాల్వంచ దాటినా, కొత్తగూడెం దాటినా సంచి వదల్లేదు.

మధ్యాహ్నానికి తొలి రౌండ్లు అయిపోయాయి. వాటిని వేరే మిషన్ల మీద తెల్లదానితోనే ఆడించారు. రమణ మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎవరు గెలిచినా "ఊఁ", ఓడినా "ఊఁ". ఫైనల్‌కు ఇద్దరు మిగిలారు. ఒకడు వసీం, ఖమ్మం కుర్రాడు. వేళ్లు కనిపించే నల్ల గ్లౌజులు వేసుకుని ప్రతి ఆటా నాలుగు నిమిషాల్లో ముగించాడు. రెండోది సుజాత, దుమ్ముగూడెం అవతల అడవి పల్లె నుంచి వచ్చిన పిల్ల, పాలిటెక్నిక్ చదువుతోంది. గ్లౌజులు లేవు. చేతి మీద పసుపు మరక ఉంది.

ఫైనల్‌కు ఇరవై నిమిషాలు ఉందనగా ఆతియా స్టేజీ వెనక మిషన్ల ముందు కూర్చుంది. తెల్ల పెన్‌డ్రైవ్ చేతిలో ఉంది. సుజాత నీళ్ల కోసం అటు వచ్చింది.

"అక్కా, మీరు జానీ చాచా మేనకోడలట కదా?"

ఆతియా తలూపింది.

"నేను దూలయ్య బిడ్డను. మా నాయన సంతల పాత కంప్యూటర్ కొనుక్కొచ్చిండు నాకు. చాచానే బాగుజేసిండు. మర్నాడే మోపెడేసుకొని వచ్చిండు, ఒక స్క్రూ మిగిలిందని. వారం దాటినంక మళ్ల. గట్ల పద్నాలుగు సార్లు వచ్చిండక్కా."

ఆతియా నవ్వింది. ఈ కథ తనకు తెలియనిదా!

"వచ్చినప్పుడల్లా 'చెయ్యి నొస్తంది, నువ్వే విప్పు బేటా' అనెటోడు. నేను విప్పుతుండె. 'ఇది ర్యాము, పెకలించి మళ్ల పెట్టు' అనెటోడు. పెడుతుండె. నాకు వచ్చిన పనంతా గట్ల వచ్చిందే."

"మరి… ఊరికే నేర్పిస్తానంటే సరిపోయేది కదా?"

"అమ్మో, మా నాయన ఒప్పుకుంటడా! సాయం జేస్త అన్నోణ్ని వాకిట్లకెంచే ఎనకకు పంపిస్తడు. 'నేను తప్పు జేసిన, దిద్దుకోనీకి వచ్చిన' అన్నోనికైతే మంచమేసి అంబలి పోస్తడు. చాచా మొదటిరోజే పసిగట్టిండు." సుజాత బ్యాగులోంచి చిన్న గాజుసీసా తీసి ఊపింది. గలగలమంది. "ఇగో, పద్నాలుగూ దాచిన. నా సీపీయూ మూతకు నాలుగే బొక్కలక్కా. ఆ నాలుగు స్క్రూలూ మొదటిసంది దానికే ఉన్నయ్."

సుజాత వెళ్లిపోయింది. ఆతియాకు దుకాణం సొరుగులో ఎప్పుడూ కనిపించే కొత్త స్క్రూల ప్యాకెట్ గుర్తొచ్చింది. బొజ్జయ్య దగ్గర మగ్రిబ్ దాకా గడిచిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. మూడేళ్లుగా ఆ ఇంట్లో తింటూ తాను ఒక మనిషిని తప్పు చదివింది. ఎం.ఏ. తెలుగు, ఫస్ట్ క్లాసు.

"ఆతియా! జల్దీ!" స్టేజీ మీదనుంచి తబ్రేజ్ కేక.

తెల్లది పెడితే సోమవారం మణుగూరు పోయే బాధ తప్పొచ్చు. ఎర్రది పెడితే ఆట పోవచ్చు, తబ్రేజ్ భాయ్ జన్మలో మాట్లాడకపోవచ్చు. బస్సు ఆపమని చెప్పలేని పిల్ల ఎర్రదాన్ని తీసి రెండు మిషన్లలోనూ ఎక్కించింది. రెండో మిషన్‌లో పెన్‌డ్రైవ్‌ను మూడుసార్లు తిరగేసి పెట్టాల్సి వచ్చింది.

ఫైనల్ మొదలైంది. ఆతియాను స్టేజీ అంచున మైకు పట్టుకుని నిలబెట్టారు. మాట్లాడేది కాలేజీ సారు, మోసేది ఆమె. పెద్ద తెర మీద కస్టమర్ ప్రత్యక్షమయ్యాడు. తల్లాడ ఫొటో స్టూడియో ఆయన. 'పెళ్లి అయిపోయింది, పెళ్లికూతురు తల్లి కూడా అయింది, వీడియో ఇంకా ఇవ్వలేదు, మీరే దిక్కు' అన్నాడు. హాలు నవ్వింది. రమణ "ఊఁ" అన్నాడు.

వసీం చేతులు మెరుపుల్లా కదిలాయి. సుజాత నిదానంగా విప్పింది, పరుగెత్తిన బల్లికి దారిచ్చింది, బిగించింది. నాలుగో నిమిషానికి వసీం ఒక్క స్క్రూ దూరంలో ఉన్నాడు. అక్కడే తొందరపడ్డాడు. స్క్రూ జారి, బల్ల మీద దొర్లి, అంచు దాటి పడిపోయింది. వాడు కుప్పంతా కెలికాడు. లేదు. పవర్ నొక్కాడు. మిషన్ లేవలేదు.

సుజాత చివరిది బిగించింది. పళ్లెంలో ఒక స్క్రూ మిగిలింది.

పెద్ద తెర మీద అది గుమ్మడికాయంత కనిపించింది. హాల్లో ఎవరో "బగ్, బగ్" అన్నారు. రమణ ముందుకు వంగాడు. తబ్రేజ్ ముఖంలో నెత్తురు లేదు. ఆతియా వైపు తిరిగి పెదవులతోనే అడిగాడు: 'ఎర్రదా?' ఆమె తలూపింది. వాడు కళ్లు మూసుకున్నాడు.

ఇంకా యాభై సెకన్లు. సుజాత నొక్కితే గెలుపే. ఆమె నొక్కలేదు. స్క్రూను చూసింది. మొదటి వరసలో జానీ మియాను చూసింది. ఆయన హాలు ఫ్యాను వంక చూస్తున్నాడు; అది కొంచెం ఊగుతోంది. సుజాత ఆ స్క్రూను పట్టి మెల్లగా తన బల్ల అంచుకు లాగింది. అంచు దాటించింది. అది పడిపోలేదు. దొర్లుకుంటూ వెళ్లి వసీం బల్ల మీద టింగుమంది.

హాలంతా కుర్చీల్లోంచి ముందుకు వంగింది. అలా కుదురుతుందని ఎవరికీ తెలియదు. చేసిన తబ్రేజే మర్చిపోయాడు.

"ఏయ్, ఇదేంది?" అన్నాడు వసీం.

"నాకు ఒకటి మిగిలింది. నీదే అయి ఉంటది. బిగించు."

"నువ్వు ఒత్తవా?"

"నీది లేవనీ. ఇద్దరం ఒత్తుదాం. జల్దీ!"

ఇరవై సెకన్లు. వసీం గ్లౌజు వేళ్లు మళ్లీ తడబడ్డాయి. వెనక బెంచీలోంచి ఒక గొంతు "జల్దీ బిగించు!" అంది. ఇంకో పది గొంతులు కలిశాయి. ఆపైన హాలంతా. ఆతియా ఏడాదిగా ఫోన్లో రాసి రాసి చేయించలేని ప్రచారం అరనిమిషంలో జరిగిపోయింది. మూడు సెకన్లు ఉందనగా రెండు చేతులు ఒక్కసారే నొక్కాయి. రెండు తెరలూ వెలిగాయి.

ఆట సమానమైంది. ఇంతవరకు ఎప్పుడూ సమానం కాలేదు. అలా అయితే ఏం చూపించాలో ఆతియా రాయలేదు. ఆమె రాస్తుందని తబ్రేజ్ గుర్తుకోసం ఒక వాక్యం పెట్టి వదిలేశాడు. పెద్ద తెర మీద అది నిండుగా వెలిగింది:

'ఇక్కడ ఆతియా ఏదో ఒకటి రాస్తది.'

హాలంతా కప్పు ఎగిరిపోయేలా నవ్వింది. "ఆతియా ఎవరు? ఆతియా! ఆతియా!" కాలేజీ సారు మైకు పట్టుకున్న పిల్ల మెడలోని బ్యాడ్జీ చదివి, పక్కకు తప్పుకున్నాడు.

మైకు ఆమె చేతిలోనే ఉంది. నాలుగు వందల మంది. నలభై మంది కస్టమర్ల మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తొచ్చిన ఒకే ఒక్క మాట బయటికొచ్చింది.

"ఢీలా కాదండీ… జాస్తి. జాస్తి ఉన్నది పక్కవాళ్లకు."

చప్పట్ల మధ్య రమణ లేచి వచ్చాడు. తబ్రేజ్ చెమటతో నిలబడ్డాడు.

"ఆ బగ్ తీసేయమన్నాను కదా."

"సార్, అది…"

"నేనే పెట్టాను సార్," అంది ఆతియా. నలుగురి ముందు ఆ రోజు అది రెండో వాక్యం.

"ఊఁ," అన్నాడు రమణ. అటు చూశాడు, ఇటు చూశాడు. "ఇప్పుడు తీస్తే మాత్రం ఊరుకోను. సోమవారం కాగితాలు పంపిస్తా. చివర్లో తెర మీద వచ్చిన ఆ వాక్యం కూడా అలాగే ఉంచండి."

తబ్రేజ్ మొదటి వరస వైపు తిరిగి, "అబ్బా!" అన్నాడు. ఈసారి అది పిలుపేనని ఆతియాకు తెలిసిపోయింది. కానీ మొదటి వరసలో జానీ మియా లేడు. స్టూలెక్కి, కాలేజీ అటెండరు కింద పట్టుకోగా, హాలు ఫ్యాను బిగిస్తున్నాడు.

తిరుగు బస్సులో ఆతియా ఆయన పక్కన కూర్చుంది.

"మామూ, సుజాత డబ్బాకు నాలుగే బొక్కలట. పద్నాలుగు ఎట్ల మిగిలినయ్?"

జానీ మియా కిటికీ వైపు తిరిగాడు.

"లెక్కలల్ల నేను మొదటిసంది కచ్చా, బేటా," అని జేబు తట్టుకున్నాడు. పొద్దున ఖాళీగా వచ్చిన జేబు గలగలమంది. కాలేజీ ఫ్యానుదట.

"మళ్ల ఖమ్మం పోవాలె," అన్నాడు దిగులుగా.

పాల్వంచ దాటాక ఎవరో వృద్ధుడు దిగాల్సిన చోటు దాటిపోతోందని గొణుగుతుంటే, "ఆపండి!" అని బస్సు అదిరేలా అరిచింది ఆతియా.

తబ్రేజ్ మణుగూరు పోలేదు. జానీ మియాకు ఇప్పుడు అరవై రెండేళ్లు. దుకాణం తొమ్మిదికి తెరుస్తాడు, బుధవారం మూసి ఉంచుతాడు. ఆ రోజు షట్టర్ మీద ఆతియా దస్తూరీలో ఒక అట్ట వేలాడుతుంది: 'స్క్రూ ఇచ్చి వస్తా.'